రేకు మీద జిగురు చుక్క

హెల్మెట్ మరీ బిగుతుగా ఉంది, ఎవరిదో ఏమో, లోపల ఇంకెవరి తలనూనె వాసనో, బుగ్గలు రెండూ ముందుకు తోసుకొచ్చి పెదాలు చేప మూతిలా అయిపోయాయి. అయినా అద్దం చూపు మాత్రం బానెట్ మీద నుంచి కదలడం లేదు. అద్దం అంటే అతనే, పెయింటరు. అతను రంగేసిన బండి ముందు నిలబడి మీసం దువ్వుకోవచ్చని ఎవరో అన్న రోజు నుంచీ ఆ పేరు అతుక్కుపోయింది, పెళ్ళాం కూడా కోపమొస్తే ఏమయ్యా అద్దం అనే పిలుస్తుంది. పక్కన స్టీరింగు పట్టుకుని కూతురు. ఎదురుగా బానెట్. బానెట్ నడిమధ్య, ఇంజనుకి గాలి మింగించడానికి నోరు తెరుచుకుని ఉన్న ఫైబరు స్కూప్. వాళ్ళ షెడ్డులో దాన్ని ముక్కు అంటారు. నెమలి మెడ రంగు, దాని మీద గాజు పరిచినట్టు మెరుపు, ఎక్కడ బానెట్ అయిపోయిందో ఎక్కడ ముక్కు మొదలైందో కంటికి అందదు. అందకూడదనే కదా అన్నాళ్ళు నడుం వంచి గీకింది. ఇప్పుడు అతనికి కావలసింది ఆ అతుకే. ఆ అతుకు ఊపిరి పీలుస్తోందా, కదులుతోందా, పట్టుకునే ఉందా. ట్రాక్ మీద దీపస్తంభాలు ఒక్కోటీ వచ్చి బానెట్ అంచున నీడగా పుట్టి, ముక్కు మీదికి పాకి, బండి ముందద్దం కిందికి జారిపోతున్నాయి. ఆ నీడ విరగకుండా పాకినంతసేపూ ఫరవాలేదు. విరిగిందా. లేదు. అది రోడ్డు కుదుపు. అనుకోవాలి, అంతే.

గోరు దిగింది. పొద్దున బయల్దేరేముందు గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, పనేం లేక, బల్ల మీది రేకుముక్కపై ఉన్న జిగురు చుక్కని బొటనవేలితో నొక్కాడు, గోరు దిగింది. రాయిలా టక్కుమనాల్సింది, మైనంలో దిగినట్టు దిగింది, నెలవంక లాంటి గుర్తు పడింది. వేలు తీసి చొక్కాకి రాసుకున్నాడు, ఎవరైనా చూశారేమోనని చుట్టూ చూశాడు. ఎందుకు చూడాలి, దొంగతనం చేశాడా. కూతురు బయట హారన్ కొట్టింది. అన్న లారీ మీదికెక్కించిన బండికి తాడు ముడేస్తున్నాడు, వీపు ఇటు. ఆ వీపుని చూసి ఒక్క మాట అడిగితే సరిపోయేది. అన్నా, ఈ చుక్క ఎప్పటిది, అంతే. ఆ మాత్రం మాటకి నోరు తెరిచాడు కూడా. ఆ వీపు అలా గోడలా నిలబడి ఉంటే నోరు దానంతట అదే మూసుకుంది, ఇన్నాళ్ళ అలవాటు. వెళ్ళి లారీ ముందు సీట్లో కూర్చున్నాడు. కూర్చుని బెల్టు పెట్టుకున్నాడు. అప్పటి నుంచీ ఆ బొటనవేలు మంటగా ఉంది, కాలిందేం లేదు, అయినా మంట.

“నాన్నా, ఈల వినిపిస్తోందా?”

“ఏఁ?”

“ముక్కులోంచి ఈల! గాలి ఈల వేస్తోందా అని! అందుకేగా నిన్నెక్కించుకుంది!”

“లేదు. వెయ్యట్లేదు.”

“ఏంటంత దీనంగా చెప్తావ్, సంతోషంగా చెప్పొచ్చుగా,” అని కూతురు గేరు మార్చింది, సీటు వీపుని గుద్దింది.

ఈల వెయ్యడం లేదు నిజమే. ఈల వేస్తే బాగుండు, ఈల వేస్తే ఎక్కడో సందుందని తెలిసేది, ఆపమనడానికి ఒక వంక దొరికేది. సందు లేదు, అతని చేతి పని అలాంటిది, అంచు చుట్టూ పుట్టీ పెట్టి, ఆరాక దిమ్మకి ఉప్పుకాగితం చుట్టి గీకి, మళ్ళీ పెట్టి, మళ్ళీ గీకి, పైన నల్లపొడి చల్లి గీకితే ఎక్కడ పల్లముందో అక్కడ నలుపు మిగిలిపోతుంది, ఆ నలుపు కనిపించినంత కాలం వదల్లేదు. వేళ్ళతో కాదురా, అరచేతితో పట్టు, వేళ్ళు గాడి తవ్వుతాయి. అన్న మాట అది. అన్న ముందు రేకు పనివాడు, తర్వాతే అన్న. తండ్రి పోయాక ఇంట్లో అన్నం కంటే ముందు ఉప్పుకాగితం పెట్టాడు చేతిలో. బానెట్ మీద ముక్కు ఎక్కడ కూర్చుంటుందో టేపు అంటించి గీత గీసుకునేవాడు, గీత లోపల పాత రంగంతా తెల్లటి ఇనుము కనిపించేదాకా గీకేవాడు. జిగురు దేన్ని పట్టుకుంటుందో తెలుసా, కింద ఏముంటే దాన్నే పట్టుకుంటుంది, కింద రంగుంటే రంగుని పట్టుకుంటుంది, రంగు ఊడితే జిగురు చేసే పాపమేముంది అనేవాడు. తర్వాత జిడ్డు తీసే మందు గుడ్డతో ఒకే దిక్కుగా తుడుపు, వెనక్కి రాకూడదు, వచ్చిందంటే తుడిచిన జిడ్డే మళ్ళీ పూసినట్టు. అన్నీ అన్న దగ్గరివే. రంగు మాత్రం అతనిది. రంగులో అన్నకి ఎరుపుకీ ఆరెంజికీ తేడా తెలీదు. అది చెప్పి కూడా నవ్వించాడొకసారి నలుగురిలో.

నవ్వించాడు. అదే కదా తంటా. ఆ రోజు షెడ్డులో పెద్ద బండివాడు వచ్చి నిలబడ్డాడు, ముక్కు ఎలా బిగిస్తారు అని అడిగాడు, అన్న ఎప్పటిలానే కింద నుంచి బోల్టులు పెట్టి బిగిద్దాం, జిగురు ఒక్కదాన్నే నమ్మను అన్నాడు. నట్టు అని అన్నకి పేరు అందుకే పడింది, ఆ పేరంటే ఆయనకి ముద్దే. బోల్టు పెడితే చిల్లు, చిల్లు చుట్టూ కొన్నాళ్ళకి రంగు పగులు, తన అద్దంలో గీత. అప్పుడు అద్దం నోరు జారింది, మా అన్నకి చొక్కా గుండీలకి కూడా నట్లు కావాలండీ, రాత్రి పూట మా వదినకి రెంచి లేనిదే పని జరగదు అని. పెద్ద బండివాడు పొట్ట పట్టుకుని నవ్వాడు. రోడ్డు మీద టీ అమ్మేవాడు కూడా నవ్వాడు. అన్న నవ్వలేదు. చేతిలో ఉన్న రెంచి మెల్లగా పెట్టెలో పెట్టి, పెట్టె మూత వేసి, ఇంటికి నడుచుకుంటూ పోయాడు. వదిన పేరు ఎత్తాల్సింది కాదు. అదే తేడా, నట్టుని అంటే ఊరుకునేవాడు. మర్నాడు వచ్చాడు, బోల్టుల ఊసెత్తకుండా ఒట్టి జిగురుతోనే పని చేశాడు, మాట్లాడలేదు. ఇతనూ మాట్లాడలేదు, ముందు ఆయనే మాట్లాడాలి కదా, పెద్దవాడు కదా. పెద్దవాడే కదా తగ్గాల్సింది. లేక చిన్నవాడా. ఎండలు పోయి వానలొచ్చి, వానలు పోయి చలి వచ్చింది.

మలుపు. కూతురు బ్రేకు తొక్కింది, అతని ఛాతీ బెల్టులోకి దిగింది, ముక్కు మీద ఆకాశం ఒక్కసారి ముందుకు తూలింది. తూలింది బానెటంతానా, ముక్కొక్కటేనా. వెనక అంచు చూడు, అక్కడే లేస్తుంది, నోట్లోకి గాలి జొరబడి కడుపు ఉబ్బి వెనక అంచు దగ్గర లేస్తుంది, లేచిందంటే ఎక్కడికీ పోదు, నేరుగా వెనక్కే, ముందద్దానికే, ఆ ముందద్దం వెనక ఎవరున్నారు. చూడకు. పిల్ల ముఖం చూడకు. చూశాడు. హెల్మెట్లో ఆ కళ్ళు తప్ప ఏమీ కనిపించలేదు, ఆ కళ్ళు దూరంగా ఎక్కడో తారుకి అతుక్కుని ఉన్నాయి, అచ్చం పెదనాన్న తీగ సూటిగా ఉందో లేదో చూసేటప్పుడు పెట్టే కళ్ళు. ఇది ఒళ్ళు వేడెక్కించే చుట్టు మాత్రమే. ఇంకో చుట్టు ఇలాగే, తర్వాత పక్కవాళ్ళు దిగిపోవాలి, బండి నడిపేవాళ్ళు ఒక్కళ్ళే పోవాలి, గోడ మీద గడియారం పట్టుకుని కూర్చున్న మేడమ్ అప్పుడు లెక్క మొదలుపెడుతుంది. ఆవిడ తన రేసు జట్టులోకి ఒక్కరిని తీసుకుంటుంది. ఒక్కరినే. దాని కోసం పిల్ల ఎన్నాళ్ళ నుంచి నిద్రలో కూడా ఎడమ కాలితో క్లచ్చి తొక్కుతోందో ఇంట్లో అందరికీ తెలుసు. ఇప్పుడు పోతున్న వేగం ఏపాటిది. అసలు వేగం అతను దిగాక.

చుక్క రంగేమిటి. గుర్తు తెచ్చుకో. జిగురు రెండు గొట్టాల్లో వస్తుంది, ఒకదాంట్లో తెలుపు, ఒకదాంట్లో నలుపు, తుపాకిలో పెట్టి నొక్కితే ముందున్న మెలికల మూతిలో కలిసి బూడిద రంగుగా బయటికొస్తుంది. కొత్త గొట్టం తొడిగినప్పుడు మొదట వచ్చేది కలవదు, తెల్ల చారా నల్ల చారా విడివిడిగా వస్తాయి, దాన్ని పారెయ్యాలి, అది ఎన్నాళ్ళున్నా గట్టిపడదు. ఆ తర్వాత వచ్చిందాన్ని అంటించే చోట తీగలా పెడతారు. పెట్టడం అయిపోయాక ఆఖరున ఒక చుక్క రేకు మీద. అదీ అన్న అలవాటే. బానెట్ కింద ఉన్న జిగురుని ఎవడూ చూడలేడు, రేకు మీదిది చూడొచ్చు, రెండూ ఒకే తల్లి పిల్లలు, ఇది గట్టిపడితే అదీ గట్టిపడ్డట్టే. మాటలు ఆగిపోయాక కూడా ఆ రేకు ఆగలేదు. అన్న ముక్కు అంటించి, పైన ఇసుక సంచులు పెట్టి, రేకుని బల్ల చివర ఇతను చూసే చోట పెట్టి పోయేవాడు. ఇతను వచ్చి గోరుతో నొక్కి చూసి రంగు మొదలుపెట్టేవాడు. ఒక రకంగా అదే మాట. ఈసారి నొక్కలేదు. ఆ రేకు వంక చూస్తే ఆయన చెప్పింది విన్నట్టవుతుందని. ఛ. అది కాదు, పని తొందర, పిల్ల పరీక్ష ముంచుకొస్తోంది, అందుకు. అది కాదు. ఆయన చెప్పింది విన్నట్టవుతుందనే. ఏం, రంగుకి నీ అనుమతి కావాలా అని లోపల్లోపల గొణుక్కుంటూ రంగు తుపాకి ఎత్తాడు, ప్రైమరు కొట్టాడు, నీలం కొట్టాడు, పైన మెరుపు కొట్టాడు, వేడి దీపాల కింద ఆరబెట్టాడు, సబ్బునీళ్ళు పోస్తూ నున్నటి కాగితంతో రుద్దాడు, బొచ్చు చక్రంతో తిప్పాడు. అంత అందంగా ఎప్పుడూ రాలేదు. చూసి తనకే ఒళ్ళు జలదరించింది. మరి ఆ చుక్క ఆఖరిదా, మొదటిదా. బూడిద రంగేనా, చారలున్నాయా. పైన రంగు పొడి పేరుకుంది. నెమలి మెడ నీలాన్నీ కాకి రెక్క నీలాన్నీ మసక చీకట్లో వేరు చేసే కళ్ళు, ఒక చుక్క జిగురు రంగు చెప్పలేకపోతున్నాయి. చారలుంటే అది పారబోసింది, భయం లేదు. లేకపోతే. లేకపోతే ముక్కంతా మైనం మీద నిలబడి ఉంది, కింద ఇంజను వేడి, ఎదురుగా గాలి, వెనక పిల్ల.

“ఇంకోటి నాన్నా, తర్వాత నువ్వు దిగిపో. వాంతి వస్తే హెల్మెట్లో చెయ్యకు, అద్దెది.”

“నువ్వు… కాస్త నిదానంగా…”

“నిదానంగా పోతే టీ బండి పెట్టుకుంటారు నాన్నా, దీన్నెందుకు.”

చెప్పెయ్. ఇప్పుడు చెప్పెయ్. చెబితే ఆపుతుందా, ఆపదు, నమ్మదు, నమ్మితే చెయ్యి వణుకుతుంది, ఈ వేగంలో చెయ్యి వణికితే ముక్కు ఊడక్కర్లేదు. ఆగాక చెప్పాలి. ఆగాక ఏమని చెప్పాలి. చూసుకోకుండా రంగేశానమ్మా అని. నీ ప్రాణం కన్నా మీ పెదనాన్న మీద నా పంతం పెద్దదని. లేదూ ఏమీ కాకపోతే? ఏమీ కాదేమో. ఇన్ని చుట్లు తిరిగింది, ఊడాల్సిందైతే ఊడేది. పుట్టీ ఉంది చుట్టూ, అది కొంత పట్టుకుంటుంది. పుట్టీ పట్టుకోదని అతనికి తెలుసు. పుట్టీ అలంకారం. ఒక్క స్తంభం నీడ, ఇంకో స్తంభం నీడ, కుడివైపు వెనక మూల దగ్గర నీడ వెంట్రుకవాసి వంకర తిరిగినట్టుంది. చెమట కంట్లోకి దిగింది. మళ్ళీ చూస్తే మామూలుగానే పాకింది. కన్ను తుడుచుకోవడానికి చెయ్యి ఎత్తితే హెల్మెట్ అద్దానికి తగిలింది. నవ్వొచ్చింది, ఏడుపులాంటి నవ్వు. గోడ దగ్గర అన్న కనిపించాడు, చేతులు కట్టుకుని, అందరూ బండి చూస్తుంటే ఆయన ఒక్కడూ బండి కింద చూస్తాడు, కారుతోందేమోనని. సర్రున వెనక్కి పోయాడు. మళ్ళీ మలుపు. మళ్ళీ ఛాతీలో బెల్టు. ఆపై బండి ఊపు తగ్గింది, ఇంజను గొంతు దిగింది, పక్క దారిలోకి మళ్ళి గోడ దగ్గర ఆగి గురగురమంటూ నిలబడింది. ముక్కులోంచి వేడి ఆవిరిలా లేస్తోంది. దిగాలి.

“వస్తా నాన్నా. తలుపు గట్టిగా వెయ్యి.”

బెల్టు తీశాడు. తలుపు తెరిచాడు. ఒక కాలు కింద పెట్టాడు. ఈ కాలు కింద పెడితే ఇక తనకేమీ కాదు, ఆ సంగతి ఆ కాలికి ముందు తెలిసినట్టుంది, తేలిగ్గా ఉంది, ఆ తేలికే అసహ్యం పుట్టించింది. రెండో కాలు లోపలే ఉంది. వంగి, స్టీరింగు పక్కకి చెయ్యి చాచి, తాళం తిప్పేశాడు. ఇంజను ఒక్కసారి దగ్గి ఆగిపోయింది. ఆ నిశ్శబ్దంలో ట్రాకంతా తననే చూస్తున్నట్టు అనిపించింది. గోడ మీద మేడమ్ గడియారం దించి తల వంచి చూసింది.

“నాన్నా! ఏంటిది! ఆవిడ చూస్తోంది!”

“మీ పెదనాన్నని అడుగు. రేకు మీద పెట్టిన చుక్క మొదటిదా ఆఖరిదా అడుగు.”

కూతురు హెల్మెట్ లాగి పడేసింది. జుట్టు ముఖానికి అతుక్కుంది. “నేనడగను. ఉప్పందించు, నీళ్ళివ్వమను, మీ నాన్నతో చెప్పు, మీ పెదనాన్నతో చెప్పు… ఇవాళ కూడానా? మీరే అడుక్కోండి. మీ ఉత్తరాలు మోయడం ఇంతటితో సరి.”

అన్న అప్పటికే వచ్చి బానెట్ పక్కన నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా నెమలి మెడ రంగు. అందులో అన్న ముఖం తలకిందులుగా కనిపిస్తోంది, ముసలివాడయ్యాడు, చెవుల దగ్గర ఎప్పుడు నెరిసిందో. ఇన్నాళ్ళూ పక్కనే పనిచేస్తూ చూడనే లేదు.

“అన్నా.” హెల్మెట్లోంచి గొంతు నూతిలోంచి వచ్చినట్టొచ్చింది. “ఆ చుక్క మెత్తగా ఉంది.”

“ఎప్పుడు చూశావ్?”

“పొద్దున.”

“రంగెయ్యకముందు కదరా చూసేది.”

“చూళ్ళేదు.”

ఎందుకు చూళ్ళేదని అన్న అడగలేదు. అడిగితే బాగుండేది. “అది పారబోసిందిరా. నడిమధ్యలో గొట్టం అయిపోయింది, కొత్తది తొడిగి మొదటిది రేకు మీద కక్కించా. ఆ రోజు వేరే చుక్క పెట్టలేదు. అడిగితే చెప్పేవాణ్ణి కదా.”

పారబోసింది. పారబోసిందే. అద్దం బానెట్ మీద చెయ్యి ఆనించాడు, వేడిగా ఉంది, హాయిగా కూడా ఉంది. పిల్ల ఇక పోవచ్చు. ఒక్క మాట, ఇంతే. ఇంతకేనా. కానీ అన్న ఇంకా కదలడం లేదు, కుడివైపు వెనక మూలనే చూస్తున్నాడు, పెదాలు కదుపుతున్నాడు, చేత్తో గాల్లో తుపాకి పట్టుకుని నొక్కుతున్నట్టు నొక్కుతున్నాడు.

“అనుకుంటా,” అన్నాడు.

“అనుకోడమేంటి?”

“కక్కించా. ఎంత కక్కించానో… చారలు పోయేదాకా కక్కించానా… నీ మీద కోపంతో చేస్తున్నానురా ఆ పూట. మనసులో నిన్ను తిడుతూ ఉన్నా. చెయ్యి దాని పాటికి అది పోయింది.” ఆ మూల మీద వేలు పెట్టాడు. “కొత్త గొట్టంతో మొదలుపెట్టింది ఇక్కడ.”

మేడమ్ గోడ మీంచి కేకేసింది, మీరు తయారేనా, కాదా. కూతురు తండ్రి వంక చూసింది, పెదనాన్న వంక చూసింది. కళ్ళలో నీళ్ళు తిరిగాయి, వాటిని మోచేత్తో రుద్దేసింది. తర్వాత తాళం చేతిలోకి తీసుకుని చెయ్యి ఎత్తి అడ్డంగా ఊపింది. కాదు. మేడమ్ భుజాలు ఎగరేసి, అందరి తర్వాత చూస్తాను, అప్పటికి వెలుతురుంటే, అంది. వెనకాల ఎర్ర బండి వీళ్ళని దాటుకుని గర్జిస్తూ పోయింది.

పనిముట్ల పెట్టెలోంచి పల్చటి కత్తి తీసి అన్న చాచాడు, తను కోయలేదు. నీ రంగు, నువ్వే కొయ్యి, అన్నట్టు. అద్దం హెల్మెట్ తీసి కింద పెట్టాడు. కత్తి మొన అతుకు లేని చోట అతుకుని వెతికింది. ముందు మెరుపు చిట్లింది, గోటి కింద చిట్లినట్టే వినిపించింది, తర్వాత నీలం, తర్వాత ప్రైమరు బూడిద, పుట్టీ పొడిగా రాలింది. లోపల కత్తి ఆగింది. రాయి. అంచు వెంట జరిపాడు, రాయి, రాయి, ఎంత హాయి ఆ రాయి, మూల తిరిగాడు, కత్తి దిగిపోయింది. మైనం. మూడు వేళ్ళ మేర అంచు వెంట అలాగే జరిగి, మళ్ళీ రాయి తగిలింది. కత్తి బయటికి లాగితే అంచున తెల్ల చార, పక్కన నల్ల చార, కలవకుండా. మూడు వేళ్ళంటే ఎగిరిపోయేదా. ఉండేదేమో. ఇదివరకు చుట్లు తిరిగినట్టే తిరిగి ఇంటికొచ్చేదేమో. ఎవరు చెప్పగలరు. అన్న ఆ చారల్ని చూశాడు, అతనూ చూశాడు, నువ్వు నొక్కి చూడాల్సింది అని ఒకడూ, నువ్వు పారెయ్యాల్సింది అని ఒకడూ అనడానికి కావలసినంత ఉంది అక్కడ. ఎవరూ అనలేదు.

“డ్రిల్లు తెచ్చావా?” అన్నాడు అద్దం.

“నేను తేకుండా ఉంటానట్రా. బోల్టులు కూడా తెచ్చా.”

“పిల్లా, బానెట్ పట్టుకో, పూర్తిగా ఎత్తకు. ఇంతే. ఊఁ.”

“మొత్తానికి మాట్లాడుకున్నారు. అదీ నా వంతులోనే,” అంది కూతురు ముక్కు ఎగబీలుస్తూ, రెండు చేతులా బానెట్ అంచు పట్టుకుంటూ.

సగం తెరిచిన బానెట్ కిందికి అద్దం వెల్లకిలా దూరాడు. ఇంజను వేడి మెడకి తగిలింది, నూనె వాసన, చీకటి. పైన అన్న, పైనుంచి ఆయనకి కింద రేకులో అడ్డపట్టీలు ఎక్కడున్నాయో కనబడదు, కిందనుంచి ఇతనికి ముక్కు ఎక్కడుందో కనబడదు. పట్టీ మీద చిల్లు పడితే బానెట్టే పోతుంది. వేళ్ళతో తడుముకున్నాడు. పట్టీ ఇక్కడ అయింది. ఇక్కడ ఒట్టి రేకు. వేలి కణుపుతో టక్ టక్ మని కొట్టాడు.

“ఇక్కడా?” అన్న గొంతు రేకు మీదుగా ముఖంలోకే వచ్చింది.

“ఇంకొంచెం నీ వైపు.”

“ఇక్కడ?”

“అయ్యో అంత కాదు. వెనక్కి. ఆఁ, అదే. అక్కడే.”

“చెయ్యి తీశావా?”

“తీశా.”

“నిజంగా తీశావా, లేకపోతే పౌరుషానికి చెప్తున్నావా?”

“తీశానన్నా. దించు.”

డ్రిల్లు మొదలైంది. రేకంతా పళ్ళు నూరినట్టు అదిరింది. నెమలి మెడ పొడి, సన్నగా మెరుస్తూ, కనురెప్పల మీద రాలింది, కళ్ళు మూసుకోలేదు, మొన ఎక్కడ పొడుచుకొస్తుందోనని చూస్తున్నాడు. వచ్చింది. సన్నటి వెలుతురు గీత, ఆ వెలుతురులో అన్న కన్ను ఒకటి, వంగి చూస్తూ.

“ఇంకోటి ఎక్కడరా?”

“తడుతున్నా,” అన్నాడు అద్దం. “విను.”